యంత్రం వేగం చాలదు... లెక్క నిలవాలి
తుపాను అంచనాల ప్రోగ్రాములకు నిరంతర పరీక్షే రక్ష

విశాఖపట్నం: 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు ఆస్తినష్టం అపారమైనా, ముందస్తు హెచ్చరికల వల్ల ప్రాణనష్టం చాలావరకు తప్పింది. ఈ మార్పునకు ఉపగ్రహాలు, రాడార్లతోపాటు సూపర్‌ కంప్యూటర్లపై నడిచే వాతావరణ నమూనాలూ కారణమే.

ఈ రంగంలో యంత్రశక్తి వేగంగా పెరుగుతోంది. 2018లో ప్రత్యూష్‌, మిహిర్‌ అందుబాటులోకి వచ్చాయి. 2024 సెప్టెంబరులో పుణెలో అర్క, నోయిడాలో అరుణిక ప్రారంభమయ్యాయి. ఈ రెండింటి వ్యయం రూ.850 కోట్లు. 2025 మేలో 6 కిలోమీటర్ల గడులతో లెక్కగట్టే భారత్‌ ఫోర్‌కాస్ట్‌ సిస్టం మొదలైంది. అంతకుముందు ఈ గడి 12 కిలోమీటర్లు. అయితే ప్రోగ్రాంలో దోషముంటే యంత్రం తప్పుడు ఫలితాన్నే మరింత వేగంగా ఇస్తుంది.

చేదు అనుభవాలు

1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్‌-ఎ సముద్ర వేదిక కాంక్రీటు కట్టడం మునిగిపోయింది. కంప్యూటర్‌ విశ్లేషణలో గడుల అమరిక సరిగా లేక, గోడలపై పడే కోత ఒత్తిడిని 47 శాతం తక్కువగా అంచనా వేయడమే ఇందుకు ప్రధాన కారణం. అమెరికాలో ప్రొటీన్ల నిర్మాణాన్ని శోధించిన ఒక బృందం ఐదు పత్రాలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. సొంత ప్రోగ్రాం రెండు వరుసల సమాచారాన్ని తారుమారు చేసినట్లు 2006లో తేలింది. రెండు సందర్భాల్లోనూ కంప్యూటర్‌ ఆగిపోలేదు, ఎలాంటి హెచ్చరికా ఇవ్వలేదు. నమ్మదగినట్లు కనిపించే అంకెలనే అందించింది.

పరీక్ష ఎందుకు కష్టం?

బ్యాంకు ఖాతా లెక్కలో సరైన జవాబు ముందే తెలుస్తుంది. రేపటి తుపాను గమనం ఎవరికీ ముందు తెలియదు. పైగా వేలాది ప్రాసెసర్లు పంచుకుని చేసే కూడికల్లో వరుస మారితే చివరి దశాంశాలు మారతాయి. 1961లో ఎడ్వర్డ్‌ లోరెంజ్‌ 0.506127కు బదులు 0.506 ఇవ్వగా, కొంతకాలానికి వాతావరణ చిత్రమే పూర్తిగా వేరైంది. అందువల్ల ఫలితంలోని తేడా సహజమా, ప్రోగ్రాం దోషమా అన్నది తేల్చడం సులభం కాదు.

దీనికి మార్గాలు లేకపోలేదు. ప్రోగ్రాంలోని ప్రతి భాగాన్నీ విడిగా పరీక్షించాలి. జవాబు తెలిసిన సమస్యలతో సరిచూడాలి. మార్పు చేసిన ప్రతిసారీ పాత తుపానులను మళ్లీ లెక్కించి, నమోదైన గమనంతో పోల్చాలి. ఏ మార్పు ఎవరు, ఎందుకు చేశారో నమోదు కావాలి. ఆరంభ విలువలను స్వల్పంగా మార్చి అనేకసార్లు నడిపితే సహజమైన తేడాల హద్దు తెలుస్తుంది. కొత్త ఫలితం ఆ హద్దు దాటితే దోషాన్ని అనుమానించవచ్చు.

ఈ పనికి కాలం, సిబ్బంది, ఓర్పు కావాలి. పరిశోధన పత్రానికి దక్కే గుర్తింపు ప్రోగ్రాంలో తప్పు పట్టినవారికి అరుదుగా దక్కుతుంది. అయినా దీన్ని వాయిదా వేయడానికి వీల్లేదు. అంచనా అనవసరంగా భయపెడితే మత్స్యకారుడు వేట కోల్పోతాడు. తక్కువచేసి చెబితే ప్రాణమే పోవచ్చు. కొత్త యంత్రానికి నిధులు కేటాయించేటప్పుడే, దానిపై నడిచే ప్రోగ్రాం పరీక్షకూ వాటా కేటాయించడం తీరవాసుల భద్రతకు అత్యవసరం.