ఐఎస్‌ఐ ముద్ర భద్రతకా, అడ్డుకట్టకా?

విదేశీ సరుకును ఆపడానికి ప్రభుత్వాలకు దిగుమతి సుంకం ఒక్కటే దారి కాదు. సుంకం పెంచితే అవతలి దేశం వెంటనే గొడవ చేస్తుంది. అదే ‘నాణ్యత’ పేరు చెబితే కాదనేవాళ్లుండరు. పిల్లల భద్రత వద్దని ఎవరంటారు?

మన దేశంలో బొమ్మల సంగతే చూడండి. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పరీక్షిస్తే దిగుమతి బొమ్మల్లో దాదాపు 67 శాతం ఫెయిలయ్యాయి. సమస్య నిజమే. కానీ ఆ తర్వాత జరిగింది చూస్తే అనుమానం వస్తుంది. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో బొమ్మల సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి చేశారు. 2023లో సుంకం 70 శాతమైంది. సుంకం కడితే బొమ్మ రంగులో సీసం తగ్గదు కదా!

అసలు కిటుకు పరీక్షలో కాదు, లైసెన్సులో ఉంది. విదేశీ ఫ్యాక్టరీకి ముద్ర కావాలంటే బీఐఎస్ అధికారులు అక్కడికి వెళ్లి తనిఖీ చేయాలి. ఆ తనిఖీ జరగకపోతే బొమ్మ ఎంత మంచిదైనా మన పోర్టు దాటదు. అందుకు కారణం చెప్పాల్సిన పని కూడా ఎవరికీ ఉండదు. 2018-19లో 371 మిలియన్ డాలర్లున్న బొమ్మల దిగుమతి 2021-22కి 110 మిలియన్లకు పడిపోయింది. ఇందులో సుంకం వాటా ఎంత, ముద్ర వాటా ఎంత, కోవిడ్ వాటా ఎంత అని విడదీయడం కష్టం. ముద్ర పెట్టినవాళ్లకు అదీ ఒక సౌకర్యమే.

ఇంకో సంగతి. కొండపల్లి, ఏటికొప్పాక లాంటి జీఐ గుర్తింపు ఉన్న బొమ్మలకు ఈ ఆర్డర్ నుంచి మినహాయింపు ఇచ్చారు. చేతివృత్తుల వాళ్ల పొట్ట కొట్టకూడదన్నది సరైన ఆలోచనే. అయితే చిన్న షెడ్డులో ప్లాస్టిక్ బొమ్మలు పోసే వ్యాపారికి ఆ మినహాయింపు దొరకలేదు. అతను కూడా లైసెన్సు, పరీక్షల ఖర్చు పెట్టుకోవాల్సిందే.

ఇదే దెబ్బ మనకూ తగిలింది. 2016లో యూరోపియన్ యూనియన్ మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. కొన్ని లోడ్లలో నిషేధిత యాంటీబయాటిక్స్ దొరికిన మాట వాస్తవం. కానీ ఏ తప్పూ చేయని వాళ్ల కంటైనర్ కూడా పోర్టులో ఆగుతుంది. ఆ ఖర్చును ఎగుమతిదారు సొంత జేబులోంచి పెట్టుకోడు. భీమవరం రైతుకిచ్చే కిలో రేటులో కోస్తాడు.

ప్రమాణాలు అవసరానికి మించి వ్యాపారానికి అడ్డు కాకూడదని ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం 1995 నుంచీ చెబుతోంది. ‘అవసరం’ ఎంతో తేల్చడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా కొనేవాడు వేరే దేశం చూసుకుంటాడు.

2025 నవంబర్‌లో పాలిస్టర్ ఫైబర్, నూలు, వాటి ముడిసరుకులపై పెట్టిన ఇలాంటి ఆర్డర్లను కేంద్రమే వెనక్కి తీసుకుంది. అప్పటిదాకా బయటి సరుకు ఆగడంతో బట్టల మిల్లులు ముడిసరుకుకు ఎక్కువ ధర పెట్టాయి. బొమ్మల ఆర్డర్ ఆ జాబితాలో లేదు.