మల్లుదొరను మరువరాదు

అల్లూరి సీతారామరాజును స్మరింపని ఆంధ్రుడు లేడు. ఆయన వెంట నడచిన గాము మల్లుదొరను తలచువారు మాత్రము కొందరే. ఇది మనకు తగదని మా యభిప్రాయము.

గూడెము కొండలలో సరియైన కూలి నియ్యక గిరిజనులచేత రోడ్డుపని చేయించిరి. ఆ యన్యాయము నెదిర్చినవారిలో గంటముదొర, మల్లుదొర సోదరులు ముఖ్యులు. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసుఠాణాపై దాడితో పోరాటము మొదలయ్యెను. 1923లో మల్లుదొర పట్టుబడెను. ఆయనకు విధించిన మరణదండన పిదప ద్వీపాంతరవాసముగా మారెను. 1924 మే నెలలో రాజుగారును, జూన్ నెలలో గంటముదొరయు నేలకొరిగిరి. చెరలోనున్న తమ్మునికి అన్న కడచూపైనను దక్కలేదు.

అట్టివానిని 1952లో విశాఖపట్టణపు ప్రజలు లోకసభకు పంపిరి. ఉరికంబమునకు నిర్ణయింపబడినవాడు శాసనకర్త యయ్యెను!

ఈ కొండవారు యుద్ధమును కోరినవారు కారు. తమ చెమటకు కూలిని, తమ యిండ్లకు నెమ్మదిని కోరినవారు. కావున విగ్రహములకు పూలమాలలు వేసినంతమాత్రమున ఋణము తీరదు. అరకు మొదలు గూడెము వరకు పనిచేయు ప్రతి చేతికిని పూర్తి కూలి ముట్టుచున్నదా యని మన పఠనాలయములలో ప్రశ్నింపుడు. మల్లుదొరకు తగిన స్మారకమదియే.