సాలార్‌జంగ్ జిల్లాలు, ముల్కీ చిక్కుముడి

హైదరాబాద్ సంస్థానంలో దివాన్ అంటే ప్రధానమంత్రే. మొదటి సాలార్‌జంగ్‌గా పేరొందిన మీర్ తురాబ్ అలీఖాన్ 1853లో, 24 ఏళ్ల వయసులో ఆ పదవికి వచ్చి, 1883లో కలరాతో చనిపోయేదాకా ముగ్గురు నిజాంల కింద పనిచేశాడు.

ఆయన వచ్చేనాటికి ఖజానా ఖాళీ. బీరారు ప్రాంతం ఆ ఏడాదే ఆంగ్లేయుల చేతికి పోయింది. దర్బారుకు అప్పులిచ్చిన సాహుకార్లు, అరబ్ జమేదార్లు తాలూకాలనే తాకట్టు పట్టి, శిస్తు తామే రాబట్టుకునేవారు. రైతు కట్టిందెంతో, సర్కారుకు చేరిందెంతో తేల్చే లెక్క లేదు. సాలార్‌జంగ్ ఆ తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించి, గుత్తేదార్ల స్థానంలో జీతగాళ్లయిన అధికారులను పెట్టాడు. 1865లో మొదలైన జిలాబందీతో జిల్లాలు ఏర్పడ్డాయి. నాటి అవ్వల్ తాలూక్‌దారే నేటి కలెక్టర్. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా 2016లో పుట్టిందే అయినా, ఆ పాలనా చట్రం మాత్రం పాతదే.

1857లో తిరుగుబాటుదార్లు బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి చేసినప్పుడు ఆయన ఆంగ్లేయుల పక్షం వహించాడు. బదులుగా 1860 ఒప్పందంలో రాయచూరు, నల్దుర్గ్ తిరిగొచ్చాయి, 50 లక్షల బాకీ రద్దయింది. బీరారు మాత్రం రాలేదు. దానికోసం 1876లో లండన్ దాకా వెళ్లాడు. బిరుదులు, విందులు దండిగా దక్కాయి, బీరారు దక్కలేదు. ఆ పర్యటనలో ఇటలీలో కొన్న ‘వీల్డ్ రెబెకా’ శిల్పం ఇప్పటికీ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. మ్యూజియంలోని మిగతా సేకరణలో అధికభాగం మనవడు మూడో సాలార్‌జంగ్‌ది.

జిలాబందీతో వెలసిన కొత్త కచ్చేరీలకు చదువుకున్న ఉద్యోగులు కావాలి. స్థానికంగా అంతమంది దొరకక మొదటి సాలార్‌జంగ్ ఉత్తరాది నుంచి రప్పించాడు. మొహ్సిన్ ఉల్ ముల్క్, సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ అలా వచ్చినవారే. పాలన గాడిన పడింది గానీ, పై ఉద్యోగాలన్నీ బయటివారికేనన్న గుర్రు మిగిలింది. సంస్కరణకు ఆయన చెల్లించిన అసలు ధర ఇదేననాలి. ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే అంటూ 1919లో నిజాం ఇచ్చిన ఫర్మానా, 1952లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులకు దారితీసిన ఆందోళన, 1969 తెలంగాణ ఉద్యమం ఆ వరసలోవే. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంటే కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతకు జిల్లాను, జోన్‌ను కొలమానం చేసింది. తెలంగాణకు 2018లో వచ్చిన ఉత్తర్వు జిల్లా, జోన్ స్థాయి ప్రభుత్వ పోస్టుల్లో స్థానికుల వాటాను 95 శాతానికి పెంచింది. సైబరాబాద్ ఐటీ కంపెనీల కొలువులు దాని పరిధిలోకి రావు.