‘చెల్లుతదా సార్?’: సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఒక బహిరంగ లేఖ

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలో ఒక మేడ మీది గదిలో పదకొండేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. పది పాత డెస్క్‌టాపులు, ఒక ఇన్వర్టర్, సాయంత్రం ఏడు నుంచి పది దాకా తరగతులు. నా పిల్లలకు పగలు తీరిక ఉండదు. ఒకడు మోండా మార్కెట్లో హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు రాస్తాడు. ఒకడు కొరియర్ గోదాములో వారం విడిచి వారం రాత్రి డ్యూటీ చేస్తాడు. ఒక అమ్మాయి ప్యాట్నీ దగ్గర డయాగ్నస్టిక్ సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తుంది. ఏం నేర్చుకుంటారని అడిగితే కొన్నేళ్ల కింద వరకు ట్యాలీ అనేవారు. ఇప్పుడు సైబర్ సెక్యూరిటీ అంటున్నారు. ఆ మాట అయ్యీ కాకముందే ఇంకో ప్రశ్న వేస్తారు. “ఆన్‌లైన్‌ల డిగ్రీ చేస్తే చెల్లుతదా సార్?”

ఈ ఉత్తరం ఆ ప్రశ్న గురించే.

నిరుడు గోదాములో పనిచేసే కుర్రాడు ఒక రసీదు పట్టుకుని వచ్చాడు. ‘బీటెక్ సైబర్ సెక్యూరిటీ, ఆన్‌లైన్, ఏడాదిన్నరలో పట్టా’ అని ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు నమ్మించారు. అప్పటికే రెండు వాయిదాలు కట్టేశాడు, నలభై ఎనిమిది వేలు. వాళ్లమ్మ చీటీ ఎత్తి ఇచ్చిన డబ్బు. ఇద్దరం కూర్చుని యూజీసీ వెబ్‌సైట్ తెరిచి, ఆన్‌లైన్ కోర్సులకు అనుమతి ఉన్న సంస్థల జాబితా మొదటి నుంచి చివరి దాకా చూశాం. రసీదు మీది పేరు అందులో లేదు. వాడు ఏమీ అనలేదు. రసీదును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. డబ్బు తిరిగి రాలేదు. ఆ తర్వాత నెల రోజులు తరగతికి కూడా రాలేదు.

వాడికి ముందుగా తెలియాల్సింది ఎంతో లేదు. ఇంజనీరింగ్ డిగ్రీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వడం కుదరదు. దూరవిద్య ఇంజనీరింగ్ పట్టాల విషయంలో సుప్రీంకోర్టు 2017 నవంబర్ 3న ఇచ్చిన తీర్పు ఎందరి పట్టాలనో ప్రశ్నలో పడేసింది. అంటే సైబర్ సెక్యూరిటీలో బీటెక్ కావాలంటే ఎంట్రన్స్ రాసి, కాలేజీలో సీటు తెచ్చుకుని, నాలుగేళ్లు కూర్చుని చదవాల్సిందే. అదే సబ్జెక్టును బీఎస్సీగానో బీసీఏగానో అయితే అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో చెప్పవచ్చు. అలా వచ్చిన డిగ్రీ రోజూ కాలేజీకి వెళ్లి తెచ్చుకున్న డిగ్రీతో సమానమని 2020 సెప్టెంబర్‌లో వచ్చిన యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. తన పట్టాను అమ్మిపెట్టమని విశ్వవిద్యాలయం ఫ్రాంచైజీ ఇవ్వకూడదు. చేరే విద్యార్థి యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో తన పేరున ఐడీ తీసుకోవాలి. నియమాలు ఇంతే. ఇవి తెలుగులో, ఇంటర్ చదివిన పిల్లవాడికి అర్థమయ్యేలా, ఒక్క పేజీలో రాసి కనబడే చోట ఎవరూ పెట్టలేదు. ఫ్లెక్సీలు మాత్రం ప్రతి మలుపులో ఉన్నాయి.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ పిల్లల కోసం పుట్టిన విశ్వవిద్యాలయం మీది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైనప్పుడు దేశంలో అలాంటిది ఇంకొకటి లేదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం రావడానికి ఇంకా మూడేళ్లు పట్టింది. దానికి తొలి ఉపకులపతిగా ఢిల్లీ తీసుకువెళ్లింది కూడా ఇక్కడి తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారినే. పొలం పనికి పోయేవాడు, ఆర్టీసీ కండక్టరు, పెళ్లై చదువు ఆగిపోయిన ఆడపిల్ల, జైల్లో ఉన్న ఖైదీ కూడా డిగ్రీ చదవవచ్చని ఈ రాష్ట్రానికి నమ్మకం కలిగించింది మీ సంస్థే. అప్పట్లో పాఠం రేడియోలో వచ్చేది, పుస్తకం పోస్టులో వచ్చేది, ఆదివారం స్టడీ సెంటర్లో క్లాసు ఉండేది. మా బాబాయి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేస్తూ ఆ పుస్తకాలతోనే బీఏ పాసయ్యాడు. తెలుగులో ఉన్నాయి కాబట్టి చదవగలిగాడు. ఆ పుస్తకాలు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి, అట్టలు ఊడినా.

అప్పటి గ్యాంగ్‌మన్ బీఏ కోరుకున్నాడు. ఇప్పటి గోదాము కుర్రాడు సైబర్ భద్రత కోరుకుంటున్నాడు. అది గాలివాటం కోరిక కాదు. 2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు చెప్పింది. అంతకు ముందు ఏడాది ఆ లెక్క 7,465 కోట్లు. సికింద్రాబాద్ చుట్టూ రిటైరైన రైల్వే వాళ్లు, సైన్యం వాళ్లు ఎక్కువ. పింఛను ఖాతా, ఒక స్మార్ట్ ఫోను, ఇంట్లో పిల్లలెవరూ లేని పగటి పూట. మోసగాడికి ఇంకేం కావాలి? ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించి గంటల తరబడి వీడియో కాల్‌లో కూర్చోబెట్టడం మా పేటల్లో కూడా విన్న కథే. డబ్బు పోయిన మొదటి గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని తెలిసినవాళ్లు ప్రతి ఇంట్లో లేరు.

పెద్ద సంస్థల సంగతి చూడండి. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో పన్నెండు కోట్లకు పైగా డబ్బు దొంగలు తరలించుకుపోయారు. దాని మొదలు 2021 నవంబర్‌లోనే ఉందని పోలీసులు తేల్చారు. బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా దొంగ మెయిళ్లు వచ్చాయి, వాటి గుండానే లోపలికి చొరబడ్డారు. సైబర్ భద్రతలో లోపాలకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. ఈ కేసును నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. నవంబర్‌కీ జనవరికీ మధ్య రెండు నెలలు ఉన్నాయి. ఆ రెండు నెలలూ కంప్యూటర్లు తమ చిట్టా రాసుకుంటూనే ఉంటాయి: ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి లోపలికి వచ్చారో. వాటిని లాగ్‌లంటాం. వాటిని రోజూ కూర్చుని చదివే మనిషి కావాలి. ఆ మనిషి మహా మేధావి కానక్కరలేదు, శ్రద్ధ కావాలి, శిక్షణ కావాలి. దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ అయిన సెర్ట్‌ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్ నుంచి ఆదేశం ఉంది. తెలియాలంటే రాత్రి రెండింటికీ ఎవరో ఒకరు తెర ముందు మేలుకుని ఉండాలి. రాత్రి డ్యూటీ నా పిల్లలకు కొత్త కాదు.

కాబట్టి నా విన్నపం సూటిగా ఇది: సైబర్ భద్రతలో బీఎస్సీ డిగ్రీని ఆన్‌లైన్‌లో, తెలుగు ప్రధానంగా, యూజీసీ అనుమతితో మీరు నడపండి. ఎలా నడపాలో కూడా నా అనుభవం కొద్దీ చెబుతాను, సాహసం అనుకోకండి.

అన్నిటికన్నా ముందు ల్యాబ్. ఈ చదువు వింటే రాదు, చేస్తే వస్తుంది. ఒక వర్చువల్ మెషీన్ మీద దాడి చేసి, ఇంకో మెషీన్ నుంచి దాన్ని పట్టుకోవాలి. వైర్‌షార్క్ తెరిచి నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లు ఒక్కొక్కటీ చూడాలి. దీనికి మంచి ల్యాప్‌టాప్ కావాలి. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న దాంట్లో కాలీ లైనక్స్ ఒకటి, విండోస్ ఒకటి కలిపి తెరిస్తే యంత్రం మొరాయిస్తుంది. నా పిల్లల్లో సగం మందికి ఆ ల్యాప్‌టాప్ కూడా లేదు, ఫోనే ఉంది. ల్యాబ్‌ను మీ సర్వర్లలో పెట్టి, విద్యార్థి బ్రౌజర్‌లోంచి అందులోకి వెళ్లేలా చేయండి. అది రాత్రి పదకొండు నుంచి తెల్లవారు అయిదు దాకా కూడా నడవాలి, మా పిల్లలకు దొరికే సమయం అదే. ఆదివారం స్టడీ సెంటర్ల కంప్యూటర్ గదులు తెరిచి, ఒక శిక్షకుణ్ణి కూర్చోబెట్టండి. ఫోను మాత్రమే ఉన్న అమ్మాయి వారానికి ఆ ఒక్క పూటైనా కీబోర్డు మీద చెయ్యి పెట్టగలగాలి. ల్యాబ్ లేని సైబర్ డిగ్రీ ఇవ్వకపోవడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

తర్వాత భాష. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే తెలుగులో చెప్పండనగానే కొందరు క్రిప్టోగ్రఫీకి, ఫైర్‌వాల్‌కు, పోర్టుకు, ప్యాకెట్టుకు సంస్కృత సమాసాలు తయారు చేయడానికి కూర్చుంటారు. అది వద్దు. ఆ మాటలు రేపు ఉద్యోగంలో అలాగే వినబడతాయి, పుస్తకంలోనూ అలాగే ఉండనివ్వండి. వివరణ తెలుగులో ఉండాలి, ఉపమానం మన వీధిలోంచి రావాలి. పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ అంటే ఏమిటో ఇంగ్లిష్ వీడియోలు మూడు చూసినా అర్థం కాలేదని ఒక అమ్మాయి చెప్పింది. ఉజ్జయిని మహాంకాళి గుడి హుండీ చూశావు కదా అన్నాను. కానుక ఎవరైనా వేయవచ్చు, తీయడం తాళం చెవి ఉన్నవాళ్ల వల్లనే అవుతుంది. వేసే సందు పబ్లిక్ కీ, తెరిచే చెవి ప్రైవేట్ కీ. వేసినవాడు కూడా తన కానుకను వెనక్కి తీయలేడు. ఆమె మొహం విప్పారింది. మరుసటి రోజు పక్కనున్న పిల్లకు తనే చెప్పింది. ఇలాంటి పాఠాలు రాయగల వాళ్లు మన దగ్గర ఉన్నారు. బ్యాంకుల్లో, ఐటీ సంస్థల్లో భద్రతా విభాగాల్లో పనిచేసే తెలుగువాళ్లను, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అధికారులను, తిరుమలగిరి సైనిక శిక్షణ కళాశాలలో చెప్పి రిటైరై ఈ చుట్టుపక్కలే స్థిరపడ్డ సాంకేతిక అధ్యాపకులను కూర్చోబెట్టి రాయించండి. ఇంగ్లిష్ కూడా నేర్పండి. రిపోర్టు ఇంగ్లిష్‌లో రాయాలి, అది తప్పదు. అది ఒక ప్రత్యేక పేపరుగా ఉంటే చాలు, అన్ని పేపర్లకూ గేటులా నిలబడకూడదు.

చట్టం మొదటి వారంలోనే చెప్పాలి. అనుమతి లేకుండా, మోసపు ఉద్దేశంతో ఎదుటివాడి కంప్యూటర్లో వేలు పెడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల జైలు దాకా పడుతుంది. సరదాగా స్నేహితుడి వైఫై పాస్‌వర్డ్ విప్పి చూపించే కుర్రాడికి ఆ గీత ఎక్కడుందో తెలియదు.

పరీక్షల విషయంలో మాత్రం మెతకగా ఉండకండి. ఆన్‌లైన్ డిగ్రీ అనగానే కంపెనీ వాళ్లకు వచ్చే మొదటి అనుమానం, పరీక్ష ఎవరు రాశారని. మద్రాసు ఐఐటీ 2020లో డేటా సైన్స్ డిగ్రీని ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది. జేఈఈ అక్కర్లేదు, పాఠాలు ఇంట్లోనే, కానీ ముఖ్యమైన పరీక్షలకు కేంద్రానికి వచ్చి కూర్చోవాలి. ఆ పట్టాకు గౌరవం రావడానికి అదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. మీకు జిల్లాలన్నిటా స్టడీ సెంటర్లు ఉన్నాయి. పరీక్ష అక్కడ పెట్టండి, రాత పరీక్షతో పాటు ల్యాబ్ పరీక్ష కూడా. ఫెయిలయ్యేవాళ్లు ఫెయిలవనివ్వండి. పాసైనవాడు ఇంటర్వ్యూలో తల ఎత్తుకుని కూర్చుంటాడు.

డిగ్రీ ఎందుకు, ఆరు నెలల సర్టిఫికేట్ కోర్సు చాలదా అని అనేవాళ్లున్నారు. చదువు మీద ఖర్చు పెట్టగలిగిన ఇళ్లలో వాళ్లే ఎక్కువగా ఆ మాట అంటారు. విదేశీ సర్టిఫికేట్ల పరీక్ష ఫీజు డాలర్లలో ఉంటుంది. పైగా అప్లికేషన్ ఫారంలో ‘డిగ్రీ’ అన్న గడి ఖాళీగా ఉంటే ఆ సర్టిఫికేట్ దాకా ఎవరూ చదవరు. బ్యాంకు పరీక్షకూ, గ్రూప్స్‌కూ డిగ్రీ కావాలి. సైబర్ ఉద్యోగం రాకపోయినా డిగ్రీ చేతిలో ఉంటుంది, కాబట్టి పేదింటి పిల్లకు డిగ్రీయే భద్రమైన దారి. సర్టిఫికేట్ పాఠాలను ఆ డిగ్రీలోనే కలపండి. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్ కోర్సుల ద్వారా నలభై శాతం దాకా క్రెడిట్లు తీసుకోవచ్చని 2021 నుంచి నిబంధన ఉంది, దాన్ని వాడుకోండి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కావని తెలుసు. అనుమతులు, సర్వర్లు, అధ్యాపకులు, నిధులు అన్నీ సమకూరాలి. అయితే ఒక పని రేపే చేయవచ్చు. ఏ ఆన్‌లైన్ డిగ్రీ చెల్లుతుందో, ఏది చెల్లదో, జాబితా ఎక్కడ చూడాలో తెలుగులో ఒక్క పేజీ రాసి, మీ ప్రతి స్టడీ సెంటర్ గోడ మీద, ఫ్లెక్సీ అంత పెద్ద అక్షరాలతో పెట్టించండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ పంపండి. ఇంకో తల్లి చీటీ ఎత్తక ముందే ఆ కాగితం ఆ ఇంటికి చేరాలి.

గోదాము కుర్రాడు మళ్లీ తరగతికి వస్తున్నాడు. రాత్రి డ్యూటీ లేని వారం వస్తాడు. లైనక్స్ కమాండ్లు నాకన్నా వేగంగా కొడుతున్నాడు. మీ డిగ్రీ ప్రకటన ఏ ఏడాది జులైలో వచ్చినా మొదటి దరఖాస్తు వాడిదే అవుతుంది. ఫారం నింపే రోజుల్లో మా గది రాత్రి పది దాటినా తెరిచే ఉంటుంది. ఆ ప్రకటన త్వరగా ఇవ్వండి.

భవదీయుడు,
ఒక కంప్యూటర్ ఉపాధ్యాయుడు,
సీతాఫల్‌మండి, సికింద్రాబాద్