చెయ్యి చాచినవాడికి చిల్లర వేస్తే సరిపోతుందా?

ముహర్రక్ దీవికి ఈశాన్యాన ఉన్న గలాలీ ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ల ఊరు. ఇప్పుడు కొత్త విల్లాలు లేస్తున్నాయి, ఎదురుగా అమ్వాజ్ దీవులు వెలిశాయి. ఆ విల్లాల్లో, సైట్లలో పనిచేసే మనవాళ్లకు కోల్డ్ స్టోర్ ముందో, శుక్రవారం మసీదు దగ్గరో అప్పుడప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "అన్నా, తినడానికి లేదు" అని ఎవరైనా చెయ్యి చాస్తే ఏం చెయ్యాలి?

మనలో చాలామంది వంద ఫిల్సు చేతిలో పెట్టి ముందుకు పోతారు. మన లెక్కలో అది ఇరవై రూపాయలకు పైమాటే. "వీళ్లకిదే వ్యాపారం" అని కసురుకునేవాళ్లూ ఉన్నారు. రెండింటికీ కారణాలున్నాయి కానీ రెండింటితోనూ పని జరగదు.

ముందు చట్టం సంగతి. బహ్రెయిన్‌లో అడుక్కోవడం నేరం. 2007లో తెచ్చిన 5వ నంబరు చట్టం దీనికోసమే. పట్టుబడ్డవాడు విదేశీయుడైతే కేసుతో పాటు దేశం నుంచి పంపించేసే ప్రమాదమూ ఉంది. రంజాన్‌లో దానం చేసే చేతులు ఎక్కువ కాబట్టి ఆ నెలలో నిఘా కూడా ఎక్కువే. విజిట్ వీసా మీద వచ్చి దీన్నే పనిగా పెట్టుకునేవాళ్లు ఉన్నారన్నదీ అబద్ధం కాదు. అలాంటివాళ్లకిచ్చే ఫిల్సు ఎవరి జేబులోకి పోతాయో మనకు తెలియదు.

అయితే చెయ్యి చాచిన ప్రతివాడూ ఆ ముఠా మనిషేనా? కాదు. జీతం ఆగి, కఫీల్ పారిపోయాడని కేసు పెట్టి, పాస్‌పోర్టు చేతిలో లేక ఖల్లివెల్లి అయినవాడు ఎక్కడికి పోతాడు? ముందు రూమ్‌మేట్ల దగ్గర అప్పు చేస్తాడు, తర్వాత మొహం చాటేస్తాడు, చివరికి రోడ్డు మీద పడతాడు. చెయ్యి చాచడం ఈ కథలో ఆఖరి మెట్టు. మన సాయం మొదటి మెట్టు దగ్గరే అందాలి.

తరిమేస్తే సమస్య తీరదని మన హైదరాబాదే చెప్పింది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్నారని, నగరంలో భిక్షాటనను రెండు నెలలు నిషేధించారు. దొరికినవాళ్లను చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి తరలించారు. గడువు ముగిశాక సిగ్నళ్ల దగ్గర మళ్లీ అవే చేతులు. మరుసటి ఏడాది, 2018 ఆగస్టులో, ఢిల్లీ హైకోర్టు అక్కడ అడుక్కోవడాన్ని నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. పూట గడవనివాణ్ని శిక్షించడం న్యాయం కాదన్నది అందులోని సారాంశం. కానీ మనం ఉన్నది బహ్రెయిన్‌లో. ఇక్కడ ఇక్కడి చట్టమే చెల్లుతుంది.

మరి ఏం చెయ్యాలి? డబ్బుకు బదులు అన్నం పెట్టించండి. రెండు కుబూస్, ఒక కూర పెట్టినందుకు మోసపోయినవాడు ఎవడూ ఉండడు. తర్వాత రెండు మాటలు అడగండి: ఏ ఊరు? సీపీఆర్ ఉందా? జీతం ఎన్ని నెలలది ఆగింది? కష్టంలో ఉన్నవాడు కూర్చుని చెబుతాడు. అడుక్కోవడమే వృత్తి అయినవాడు మెల్లగా జారుకుంటాడు.

మనవాడే అని తేలితే సీఫ్‌లోని ఇండియన్ ఎంబసీకి తీసుకెళ్లండి. ఓపెన్ హౌస్‌లో గోడు చెప్పుకోవచ్చు. దిక్కులేనివాళ్ల టికెట్లకు, వసతికి 2009 నుంచి ఎంబసీల దగ్గర సంక్షేమ నిధి ఉంది. 1999లో మొదలైన ఇండియన్ కమ్యూనిటీ రిలీఫ్ ఫండ్ కూడా ఇలాంటి కేసులనే చూస్తుంది. జీతం బకాయి అయితే ఫిర్యాదు ఆలస్యం చెయ్యొద్దు, గడువు దాటితే కేసే నిలవదు.

రెండు జాగ్రత్తలు. జాలిపడి పర్మిట్ లేనివాణ్ని పనిలో పెట్టుకుంటే అదీ నేరమే. అలాగే క్యాంపులో తలా ఒక దినార్ చందా వసూలు చేసే ముందు ఆలోచించండి. 2013 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం అనుమతి లేకుండా జనం దగ్గర విరాళాలు పోగుచెయ్యకూడదు. మంచికి పోయి మనమే ఇరుక్కుంటాం. ఆ సాయం ఎంబసీ ద్వారానో, గుర్తింపున్న సంఘం ద్వారానో చేరనివ్వండి.

"నాకే అప్పులున్నాయి, వాడి గొడవ నాకెందుకు" అనిపించడం సహజం. కానీ రెండు నెలలు జీతం ఆగితే మన పరిస్థితి ఏమిటో ఒక్కసారి లెక్క వేసుకోండి. వాడికీ మనకూ దూరం అంతే. పక్క మంచం మీదివాడు ఫోన్ రీచార్జికి అప్పు అడగడం మొదలుపెట్టాడంటే, వాడు రోడ్డెక్కకముందే అడగాల్సిన సమయం అదే.