చూచిన ప్రతినే పేర్కొనవలయును

నేటి పరిశోధకుడు బ్రౌను నిఘంటువును గ్రంథాలయమున గాక షికాగో విశ్వవిద్యాలయమువారి అంతర్జాల ప్రతియందు చూచుచున్నాడు. చూచుట తప్పు కాదు, ఆ మాట దాచుటయే తప్పు. ఏలయనగా, తెరపై కనబడునది 1852 నాటి తొలి ముద్రణము కాక, బ్రౌను గతించిన పిమ్మట అన్యులు సంస్కరింపగా 1903లో వెలువడిన కూర్పగుటచే, పాదసూచికలో 1852 అని మాత్రము వ్రాసి యూరకున్నవాడు, పరులు చేర్చిన యర్థమును సైతము ఎరుగకయే బ్రౌనునకు అంటగట్టు ప్రమాదము గలదు.

కావున ఏ ముద్రణమో, ఏ పుటయో, ఏ చిరునామాయందు ఏ తేదీన చూచెనో తప్పక తెలుపవలయును. దినదినము మారు వికీపీడియా వ్యాసములకైతే, ప్రతి కూర్పునకును వేరుగా గల శాశ్వత లంకెనే యీయవలెను. “ఇంటర్నెట్ నుండి” అను రెండు మాటలతో సరిపుచ్చిన సిద్ధాంతగ్రంథమును పర్యవేక్షకులు నిర్మొగమాటముగా త్రిప్పి పంపవలెనని నా దృఢాభిప్రాయము.