సైగ చేయని బళ్లు

ముందు వెళ్తున్న కారు ఉన్నట్టుండి ఊరి దారికేసి కుడివైపు తిరుగుతుంది. దాన్ని దాటబోతున్న మోటారు సైకిలువానికి ఆ సంగతి తెలిపేది ఇండికేటరే. అది వెలగకపోతే ప్రాణం మీదకు వస్తుంది. అయినా 'బండి నడుస్తోంది, అదే చాలు' అనే ధోరణి మనలో పోలేదు. బ్రేకుకు ఇచ్చే విలువ ఈ చిన్న దీపానికీ ఇవ్వాలి.

లోపం ఎక్కడుందో పసిగట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఒకవైపు ఇండికేటర్ గబగబా కొట్టుకుంటుంటే, ఆ వైపు బల్బు ఒకటి మాడిపోయిందని చాలా కార్లలో గుర్తు. కొత్త బల్బు వేసినా వెలగకపోతే హోల్డరులో తుప్పు పట్టిందేమో, ఎర్త్ తీగ ఊడిందేమో చూడాలి. నాలుగు మూలలా ఒకేసారి వెలిగే హజార్డ్ లైట్లు బాగానే ఉండి, ఇండికేటర్లు మాత్రం పనిచేయకపోతే బల్బుల తప్పు లేనట్టే. అప్పుడు ఇండికేటర్ ఫ్యూజునో, స్టీరింగ్ దగ్గరి స్విచ్చినో అనుమానించాలి. రెండూ పనిచేయకపోతే ముందు ఫ్యూజు, తర్వాత దీపాన్ని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ చూడాలి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే ఎక్కడో తీగ ఒరిసిపోయి ఇనుముకు తగులుతోందన్నమాట. అక్కడ రాగి తీగ చుట్టి సరిపెట్టడం బండికి చేతులారా నిప్పు పెట్టుకోవడమే. మెకానిక్కుకు చూపించక తప్పదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 60 సార్లకు తగ్గకుండా, 120 సార్లకు మించకుండా వెలిగి ఆరాలి. గడియారం ముందు పెట్టుకుని ఎవరైనా లెక్కపెట్టవచ్చు.

దీపాలు బాగున్నా వాడుక తప్పితే ప్రయోజనం లేదు. నాలుగు రోడ్ల కూడలిలో నేరుగా పోవడానికి హజార్డ్ లైట్లు వేసేవారున్నారు. పక్క రోడ్డు మీదివానికి ఒకవైపు దీపమే కనిపిస్తుంది. కారు తన వైపే తిరుగుతోందని అతడు మోసపోతాడు. చెడిపోయి దారిలో ఆగిన బండి ఇతరులను హెచ్చరించడానికే ఆ దీపాలు.

రవాణా అధికారులు జరిమానాలతో సరిపెట్టక, సంత రోజుల్లో మండల కేంద్రాలకు వచ్చి బళ్లు పరీక్షించి, లోపాలు చూపించడం మంచిది. అంతవరకూ యజమానులు ఊరుకోరాదు. వారానికొకసారి ఇంటివారిని బండి వెనుక నిలబెట్టి దీపాలు చూసుకోవాలి. చిన్న బల్బుకు ఖర్చెందుకని వాయిదా వేసేవారు, వెనుక వచ్చేది మన ఊరి బిడ్డేనని గుర్తుంచుకోవాలి.